ఎదురు బాల్కనీలో ఎవరై ఉంటారు?

సెల్‌ఫోన్ ఉన్నవాడు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనపడేలా పెట్టుకు తిరిగిన రోజులవి. అప్పటికి నాకు నలభై ఏళ్లు, నా అక్షరాలకు రెండేళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడుతూ, ఏదీ చదవడం రాకుండానే ముప్పై ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చి, ఆనక రాత్రిబడిలో పలక పట్టినవాణ్ణి. కాబట్టి నలభయ్యో ఏట జరిగినదాన్ని పడుచుతనపు ముచ్చటగా రాసుకుంటే తప్పేమీ లేదు.

ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా ఊరి శివార్లలో, సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పని, ఇందిరా నగర్‌లో ఒంటిగది. పెళ్లి కాలేదు. చూడబోయిన ఒక్క సంబంధంలో పిల్ల తండ్రి కాఫీ ఎలా ఉందని అడిగితే పొగ వాసన వేస్తోందన్నాను. (వేసింది మరి.) ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పగలంతా నాతో మాట్లాడేది సూపర్‌వైజరు ఒక్కడే, అదీ "ఎత్తు", "దించు" అని. గదికి వెళితే ఆ రెండు ముక్కలూ ఉండవు. టౌన్లో ఓ మేడ మీద నడిచే ఇంగ్లీషు క్లాసులో చేరింది అందుకే. అక్కడి టీచరమ్మ గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ "సాప్టాచ్చా?" అని, అంటే తిన్నారా అని అడిగేది. రోజు మొత్తంలో నన్నడిగే మనిషి ఆమె ఒక్కతే. తిని వెళ్లినా తినకుండా వెళ్లినా ఉన్న సంగతే చెప్పేవాణ్ణి, కానీ ఆ ప్రశ్న కోసం సేదరపేట్ బస్సులో నిలబడి వచ్చేవాణ్ణి.

ఆమెకు నా వయసులో సగం ఉంటుంది. ఒకరోజు మమ్మల్నందర్నీ కిటికీ దగ్గరికి పిలిచి, ఇరుకు వీధికి అవతల బాల్కనీలో కుర్చీ వేసుకు కూర్చున్న ముసలాయన్ని చూపించింది. ఆయన గురించి ఊహించి చెప్పాలట. సందేహంగా ఉంటే మే, మరీ సందేహమైతే మైట్, గట్టిగా తోస్తే మస్ట్, అస్సలు కుదరదనిపిస్తే కాంట్. అందరూ ఆయన్నే చూస్తూ కోరస్‌గా అరిచారు. హీ మే బీ ఎ టీచర్. హీ మస్ట్ బీ వెయిటింగ్ ఫర్ సమ్‌బడీ. హీ కాంట్ బీ రిచ్. (పాపం, ఆయన బనియన్ చూసి.) అది మొదలు రోజూ అదే పాట.

నాకు మాత్రం అది మింగుడుపడలేదు. "తెలియకపోతే పోయి అడగొచ్చు గదా మేడమ్?" అన్నాను.

"అయ్యో అంకుల్! అడిగేస్తే ఇంక మే ఎందుకు?"

"అదే నేనూ అంటున్నా."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. వారాఖరున నోటి పరీక్ష అనీ, నెగ్గినవాళ్లే పై కోర్సుకు వెళతారనీ, తప్పినవాళ్లు ఇంతటితో సరి అనీ చెప్పింది. నాకు పై కోర్సు మీద మోజేమీ లేదు. సాప్టాచ్చా పోతుందనే భయం.

ఆ భయంతో తెలివైనవాడు మే, మస్ట్ బట్టీ వేస్తాడు. నేను తిన్నగా ఎదురింటి మెట్లెక్కాను.

"ఎవురబ్బా అది?" అని లోపల్నించి తెలుగు వినపడింది.

"ఎదురు మేడ మీద ఇంగ్లీషు సదివేవాణ్ణి మామా. మీరు తెలుగోళ్లా?"

"ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, చేవ్రాలు ఫ్రెంచి. కూసో. ఏంది సంగతి?"

"దినామూ సాయంత్రం ఎవురికోసరం ఎదురుచూస్తా కూసుంటారో కనుక్కుందామని."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మీకోసరమే కదా!"

"మాకోసరమా?"

"ఇంకేంది మరి? అంతమంది కిటికీలో నిలబడి నన్నే చూసి పాడతా వుండారు. నేను రాకుంటే బాగుంటాదా? మొన్న జరం వచ్చినా కంబళి కప్పుకొని వచ్చి కూసుంటి. ఏదో ప్రార్థన కూటం, నాకు బాగుండాలని మొక్కుకుంటా వుండారేమో అనుకుంటి. ఇంతకీ ఏమంటారు నన్ను?"

"డబ్బున్నోరు కాదంటారు."

"నిజమే."

"ఎవురూ లేరేమో అంటారు."

"ఏమో అనేది యేల? ఎవురూ లేరు. కాఫీ తాగుతావా?"

తాగాను. పొగ వాసన వేసింది. ఆయన ఎలా ఉందని అడగలేదు గనక బతికిపోయాను.

పరీక్షరోజు నాకు ముందు ఒక నర్సమ్మ లేచి, ఆయన భార్య కోసం ఎదురుచూస్తూ ఉండి ఉంటాడని మస్ట్ పెట్టి చక్కగా చెప్పింది. నా వంతు వచ్చింది. "హీ ఈజ్ వెయిటింగ్ ఫర్ అస్," అన్నాను.

"మే పెట్టండి అంకుల్."

"పెట్టను మేడమ్."

"పోనీ మస్ట్?"

"అదీ పెట్టను. అడిగొచ్చాను. మనకోసమే కూర్చుంటున్నాడు."

పగలబడి నవ్వారు. టీచరమ్మ తల పట్టుకుంది. ఒక్క మే అంటే నెగ్గించేదాన్నని ఆమె బతిమాలినట్టే అంది. కంటితో చూసి, చెవితో విన్నదాన్ని ఏమో అనడం నాకు చేతకాలేదు. తప్పాను.

సోమవారం బస్సు దిగాక కాళ్లు అలవాటుగా ఆ వీధికే నడిచాయి. మేడ మీద దీపాలు వెలుగుతున్నాయి. గుమ్మంలో ఆమె గొంతు ఎవరినో తిన్నారా అని అడుగుతోంది. కాసేపు కింద నిలబడి, ఎదురింటి మెట్లెక్కాను. మామ ఏమీ అడక్కుండా బాల్కనీలో ఇంకో కుర్చీ వేశాడు. కాసేపటికి కిటికీ నిండా కొత్త మొహాలు చేరాయి. టీచరమ్మ మధ్యలో నిలబడి, నన్ను చూసింది. కొత్త పిల్ల ఎవరో గట్టిగా, "హీ మస్ట్ బీ హిజ్ సన్" అంది.

టీచరమ్మకు నేనెవరో తెలుసు. దిద్దుతుందనుకున్నాను. నావైపే చూస్తూ, "వెరీ గుడ్" అంది. అందరూ అందుకున్నారు.

"ఏమంటా వుండారు?" అన్నాడు మామ.

"నేను మీ కొడుకునై ఉండాలంట."

ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. "పోయి కాదని చెప్పొస్తావా?"

"ఇప్పుడు యాడ మామా! మెట్లు దిగి ఎక్కాలంటే మోకాళ్లు నొప్పి."

నా మోకాళ్లు అప్పుడు గుండ్రాళ్లు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మూటలు మోసేవి. తెలిసి తెలిసి నేనాడిన మొదటి అబద్ధం అది. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు, ఆయన పోయేదాకా, ఆ కుర్చీలో కూర్చుని దాన్ని నిలబెట్టుకున్నాను. ఇప్పుడు ఏ మేడ మెట్లెక్కినా మోకాళ్లు నిజంగానే నొప్పి పెడతాయి. ఇన్నాళ్లకు ఆ మాట కూడా నిజమైందిలే అని, సగం మెట్ల మీద ఆగి నవ్వుకుంటాను.