మూత విప్పందే నమ్మని మింకో మామ

మా గాబ్రొవో ఊళ్ళో మింకో మామ గురించి ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఒకటే: మూత విప్పి లోపల చూడందే ఆయన దేన్నీ నమ్మడు. గోడ గడియారం గంట కొడితే, "కొట్టింది సరే, లోపలేముందో?" అని స్క్రూడ్రైవర్ తీస్తాడు. అది ఎప్పుడూ చొక్కా జేబులోంచి తల బయటపెట్టి చూస్తుంటుంది. పెళ్ళికెళ్ళినా జేబులో అదే, చావుకెళ్ళినా అదే. చావింట్లో మాత్రం ఆయన్ని శవపేటికకి కాస్త దూరంగా నిలబెడతారు.

కొత్త సంవత్సరం రోజున మేం బనిత్స చేసుకుంటాం. పల్చటి పిండి పొరలు, మధ్యలో జున్ను, ఆ పొరల్లో మడిచి దాచిన చీటీలు. ఆరోగ్యం, ప్రయాణం, పెళ్ళి... ఎవరి ముక్కలో ఏది వస్తే ఆ ఏడు వాళ్ళకి అది రాసిపెట్టినట్టు. ఓసారి మింకో మామ వాళ్ళక్క బనిత్స బల్ల మీద పెట్టి పళ్ళేల కోసం లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి తమ్ముడుగారు ఫోర్కుతో పొరలన్నీ లేపి చూస్తున్నారు.

"ఓరి నీ చేతులు పడిపోనూ! ఏం చేస్తున్నావురా?"

"చీటీలన్నీ ఉన్నాయో లేదోనని చూస్తున్నానే."

"ఉన్నాయని నేను చెప్పానుగా!"

"నువ్వు చెప్పావు. బనిత్స చెప్పలేదుగా!"

పొరలు సర్దడంలో చీటీలన్నీ తారుమారై, పెళ్ళి చీటీ ఎనభయ్యేళ్ళ వాళ్ళ నాన్నకి వచ్చింది. ఆ ముసలాయన వేసవి దాకా మీసాలకి నల్లరంగు వేసుకు తిరిగాడు. డాక్టరు దగ్గరా ఇదే వరస. "నీకు రక్తపోటు ఎక్కువగా ఉందయ్యా" అని డాక్టరంటే, "ముందు ఆ కొలిచే పెట్టె విప్పండి, నా సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. డాక్టరు ఇప్పుడు ఈయన్ని చూడగానే పరికరం సొరుగులో పెట్టి తాళం వేసేస్తాడు.

నా పేరు నేడ. ఈయనకి నా జిరాక్సు కొట్టులో ఓ మూల బల్ల ఇచ్చాను. ఊళ్ళోవాళ్ళ పాత కంప్యూటర్లు అక్కడికే వస్తాయి. కొత్తది కొనుక్కోమని ఆయన చచ్చినా చెప్పడు. ముందు పాతదాని లోపల ఎవరెవరున్నారో తేలాలంటాడు.

"మామా, మెమరీ ఎంతుందో తెరమీదే రాసుంది, చూడు" అంటాను నేను.

"అది తన గురించి తాను చెప్పుకునేదేనే, నేడా! పిల్లనడగడానికొచ్చినవాడు తనకి గురక ఉందని చెబుతాడటే?"

అంటూ మూత విప్పుతాడు. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో భూతద్దం. ప్రతి ముక్క మీదా ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదువుతూ కుశలప్రశ్నలు వేస్తాడు. "నువ్వెవరివి నాయనా? ఏ ఏడు పుట్టావు? నీ పక్కన వీడెవడు, మీ ఇద్దరికీ పడుతుందా?" కొట్టుకొచ్చినవాళ్ళు జిరాక్సులు మర్చిపోయి ఈ విచారణ చూస్తూ నిలబడతారు.

వింతేమిటంటే, ఆయన చేతికిచ్చిన కంప్యూటరు వెనక్కి వచ్చేటప్పటికి లోపల సరుకు పెరుగుతుంది. లెక్కల మాస్టారి కంప్యూటర్లో ఎవరికీ తెలియని రెండో హార్డ్ డిస్కు దొరికింది. "లోపలే పడుంది మాస్టారూ. తీగె ఊడి ఉంటే ఇదిగో తగిలించాను. మీ పెట్టె మీకు చెప్పలేదంతే!" మాస్టారు ఊరంతా తిరిగి ఈ సంగతి చెప్పుకున్నాడు. గాబ్రొవోలో ఊరికే ఇచ్చేవాడూ ఉండడు, ఊరికే ఇస్తే పుచ్చుకునేవాడూ ఉండడు. కానీ తన పెట్టెలో తనకే నిధి దొరికితే కాదనే వెర్రివాడెవడు? ఆ కథ నేనూ నమ్మాను. నా తెలివి అలా తెల్లారింది.

ఇక ఇగ్లికా అత్త సంగతికి వస్తాను. మా వీధి చివర ఆవిడ అల్లిక గది. మేజోళ్ళు, స్వెట్టర్లు, జానపద నృత్యాలవాళ్ళ దుస్తులు అల్లుతుంది. అల్లే యంత్రాన్ని నడిపేది ఓ పాత వర్క్‌స్టేషన్. మూతబడిన ఫ్యాక్టరీలో ఇంజనీర్లు వాడిన ఆ కంప్యూటరు ఓ దూడంత ఉంటుంది. ఆ యంత్రం మాట ఆ పెట్టెకే తెలుసు. కొత్త కంప్యూటరు తెస్తే తగిలించడానికి తీగె కూడా పట్టదు.

ఆ శీతాకాలం ఊరి నృత్యబృందం వసంతోత్సవానికి దుస్తులన్నీ ఆవిడకే చెప్పింది. పెద్ద పెద్ద పువ్వుల నమూనాలు. సగం పువ్వు అల్లేసరికి పెట్టె బిగుసుకుపోతుంది, సూదులు ఆగిపోతాయి, ఆ ముక్క ఇక కుక్క పడకకి తప్ప పనికిరాదు. పని అందకపోతే గది మూసి, ఇటలీలో ముసలివాళ్ళకి సేవ చేసే పనికి వెళ్ళిపోతానంది. బస్సు ఏ రోజుందో కూడా కనుక్కుని వచ్చింది. మనం తలా కాస్త వేసుకుందామని వీధిలోవాళ్ళం వెళితే చీపురు చూపించింది.

"నేనింకా చావలేదు! చందాలు నా దినానికి వేసుకోండి!"

మింకో మామ వెళ్ళి మూత విప్పాడు. లోపలంతా ఎర్ర ఉన్ని నూగు, గొర్రె కడుపులోకి తొంగిచూసినట్టుంది. "రెండు ప్రాసెసర్లు కూచునే చోట ఒకటే కూచుంది. మెమరీకి ఎనిమిది అరలుంటే రెండే నిండాయి, ఆ రెంటిలో ఒకడికి ప్రాణం లేదు" అని తేల్చాడు. అదెంతలే అని నేను కొట్లోంచి మామూలు మెమరీ తెచ్చి ఓ అరలో దూర్చాను. పెట్టె తోక తొక్కిన పిల్లిలా కీచుమంది.

"నీ తొందర తగలెయ్య! నువ్వు తెచ్చినదాని మీద నల్లబిళ్ళలు లెక్కపెట్టు. ఎనిమిదేగా? దీనికి తొమ్మిదుండాలి. ఆ తొమ్మిదోవాడు మిగతా ఎనిమిదిమందీ తప్పు చేయకుండా కాపలా కాస్తాడు. ఇలాంటివి ఊళ్ళో దొరకవు."

"అయితే ఇటలీయేనా అన్నయ్యా?" అంది ఇగ్లికా అత్త. గొంతు మామూలుగానే ఉంది గానీ చేతిలో దారం ముడిపడిపోయింది.

"ఉండవమ్మా, అప్పుడే బస్సెక్కకు. నేనింకా అడుగుదాకా చూడలేదు" అని పెట్టెని చెక్కబండి మీద ఇంటికి తోసుకుపోయాడు.

రెండ్రోజుల్లో తిరిగి తెచ్చాడు. బల్ల కింద దూరి తీగెలన్నీ తగిలించి, మీట నొక్కాడు. యంత్రం కడుపునిండిన దానిలా గుర్రుమంటూ ఆగకుండా పువ్వంతా అల్లేసింది.

"ఏం చేశావన్నయ్యా?"

"నేనేం చేస్తాను? అన్నీ లోపలే ఉన్నాయి, నూగు కింద కప్పబడిపోయాయి. రెండో ప్రాసెసరూ ఉంది. నీ పెట్టె వట్టి అబద్ధాలకోరు ఇగ్లికా!"

ఆవిడ పెట్టెకేసి చూసింది, ఆయనకేసి చూసింది, "హమ్మ! ఎంత పొగరు దీనికి!" అంది. దుస్తులు ఉత్సవానికి ముందే అందాయి. వచ్చే ఏటి పని కూడా ఆవిడకే ఇచ్చారు. ఇటలీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత మింకో మామ కొట్లోకి ఛాతీ విరుచుకుని రావడం మొదలుపెట్టాడు. ఆయన ఇంట్లో తన కంప్యూటరుతో చదరంగం ఆడతాడు. ఏళ్ళ తరబడి ఓడిపోతూనే ఉన్నాడు.

"నేడా, నిన్న కూడా నేనే గెలిచాను!"

"రాకియా సారా నువ్వు తాగావా మామా, అది తాగిందా?"

"నమ్మవేం? వచ్చి చూడు!"

ఆదివారం వెళ్ళాను. కంప్యూటరు ఒక్కో ఎత్తుకీ మూలుగుతూ ఆలోచించి, మంత్రిని తీసుకొచ్చి మామ గుర్రం నోట్లో పెట్టింది. నాకు అనుమానం వచ్చింది. అదీ ఆ ఫ్యాక్టరీ పెట్టే, ఇగ్లికా అత్త పెట్టెకి కవల. మామ కాఫీ కోసం వంటింట్లోకెళ్ళాడు. ఈ పెట్టెలకి స్క్రూలుండవు, పక్కనున్న మీట లాగితే తలుపులా తెరుచుకుంటాయి. లాగాను. ఒక ప్రాసెసర్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. మెమరీ అరల్లో ఒక్కటంటే ఒక్క ముక్క బిక్కుబిక్కుమంటోంది.

"సిగ్గులేదూ!" వెనకనుంచి కేక. "ఒకళ్ళ పెట్టె మూత వాళ్ళనడక్కుండా విప్పుతారటే?"

ఈ మాట ఎవరంటున్నారు! నాకు నవ్వాగలేదు.

"నూగు కింద దొరికాయన్నావుగా మామా?"

"నూగు కిందే ఉన్నాయి. ఈపాటికి వాటికీ నూగు పట్టేసి ఉంటుందిగా."

"మాస్టారి హార్డ్ డిస్కు?"

"కాఫీ చల్లారిపోతోంది."

"ఇన్నేళ్ళూ కంప్యూటర్లు అబద్ధాలు చెబుతాయని ఊరంతా చాటావు. చెప్పేది నువ్వా!"

"అరవకే తల్లీ! ఆవిడకి తెలిస్తే పీకి నా మొహాన కొడుతుంది. మళ్ళీ బస్సు ఎప్పుడని అడుగుతుంది. అయినా నాకేం తక్కువైంది? గెలుస్తున్నానుగా!"

పాపం, ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు. నాకేమో ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. మర్నాడు ఇగ్లికా అత్త గదికెళ్ళి నోరు తెరవబోయానో లేదో, ఆవిడే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకు. నాకు మొదటిరోజే తెలుసు. ఆయనటు వెళ్ళగానే నేనూ విప్పి చూశాను. పెట్టెలో ఉన్న ప్రతిదానికీ మూల మూలనా నా ఎర్ర నూగు అతుక్కునుంది. ఈ నాలుగు ముక్కలు మాత్రం పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. ఇన్నేళ్ళూ నా పెట్టెలోనే ఉన్నాయట!"

"మరి ఊరుకున్నావేం అత్తా?"

"అంత ముచ్చటగా అబద్ధమాడేవాణ్ణి పట్టుకుని ఏం చేస్తానే? అయితే నేనూ ఈ ఊరిదాన్నేగా, ఊరికే పుచ్చుకోను" అంటూ కాగితం పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, ఏం చెయ్యాలో చెప్పింది.

ఆ సాయంత్రం మింకో మామ పట్టుకారు కోసం తన బల్ల సొరుగు లాగాడు. పట్టుకార్ల మీద ఓ జత దళసరి ఉన్ని మేజోళ్ళు, ఎర్ర పువ్వులతో.

"ఇవెవరివే?"

"నీవే మామా. మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి. నువ్వే అడుగుదాకా చూసుకోలేదు" అన్నాను జిరాక్సు కాగితాలు సర్దుకుంటూ.

ఆయన సొరుగు మొత్తం బయటికి లాగి, తిరగేసి, దాని అడుగు కూడా చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి, అవి తొడుక్కుని, కాళ్ళు రెండూ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"సరిగ్గా సరిపోయాయే! నా కొలత ఆవిడకెలా తెలిసింది?"

"బల్ల కింద దూరి అంతసేపు తీగెలు తగిలిస్తుంటే, ఆవిడకి నీలో కనబడింది ఆ కాళ్ళే కదా మామా!"