ఉప్పు లేదని గద్దించిన ఇల్లు

నా పరువు ఎక్కడ పోయిందని అడిగితే వేలు పెట్టి చూపించగలను: ఖతార్‌లో దోహా నుంచి సల్వా వెళ్ళే దారిలో, కరానా చెరువు పక్కనున్న చిన్న ఊళ్ళో. చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ రమ ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

ఆ చలికాలం రమ వాళ్ళన్న, మా బావ, జగిత్యాల నుంచి వచ్చాడు. ఆయనకు ఎడారి చూపిద్దామని మంచాలు, పొయ్యి అన్నీ ఉన్న క్యారవాన్ బండి అద్దెకు తీసుకున్నాను. గ్యాస్ సిలిండర్ ఒక్కటి మర్చిపోయాను. చెరువులో ఫ్లెమింగోలను చూసేసరికి ముగ్గురి కడుపుల్లో ఎలుకలు పరుగెడుతున్నాయి.

ఊళ్ళో పెద్ద గుడారం కనిపించింది. ముందు కార్లు, వాకిలి మీద అరబ్బీ బోర్డు.

"హోటలని రాసున్నది" అన్నాను.

"మంచిగ చదివిన్రా?" అంది రమ.

"ఇన్నేండ్ల సంది ఈడనే ఉన్న. నడువు."

నిజానికి నాకొచ్చిన అరబ్బీ రెండే మాటలు: తొందరపెట్టడానికి 'యల్లా', లేదనడానికి 'మాఫీ'.

లోపల తివాచీలు, దిండ్లు. తెల్లటి పొడుగు చొక్కా వేసుకున్న పెద్దాయన లేచొచ్చి, కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోశాడు.

"సర్వీసు మంచిగున్నది బావా" అన్నాడు బావ.

దాంతో నేను రెచ్చిపోయాను. చిటికె వేసి, "రైస్, మటన్, యల్లా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, లోపలికి వెళ్ళి పెద్ద పళ్ళెం మోసుకొచ్చాడు. ఉల్లిపాయలడిగాను, తెచ్చాడు. నిమ్మకాయడిగాను, తెచ్చాడు.

"ఉప్పు జర తక్కువున్నది" అని బావ గొణిగాడు.

ఊరుకున్నానా? "సాల్ట్ మాఫీ. మేనేజర్‌ను పిలువు" అని గద్దించాను.

ఆయన తలూపి వెళ్ళి ఒక యువకుణ్ణి తీసుకొచ్చాడు. అతను నెమ్మదిగా హిందీలో చెప్పాడు: "ఇది హోటల్ కాదండీ, మా ఇల్లు. ఈ గుడారం అతిథుల కోసం. ఈయన మా నాన్న. బీపీ ఉందని అమ్మ ఉప్పు తగ్గించి వండుతుంది. ఏమనుకోవద్దంటోంది."

"మరి ఆ బోర్డు?"

"మా తాత పేరు."

బావ తివాచీ మీది పువ్వులను పరీక్షగా చూస్తున్నాడు. రమ నావైపు చూడనేలేదు, అదే నయం. నేను లేచి చేతులు జోడిస్తే, పెద్దాయన భుజం పట్టి కూర్చోబెట్టి, తినమని సైగ చేశాడు. ఆయన తిట్టినా బాగుండేది.

బండెక్కుతుంటే ఆ యువకుడు పరుగున వచ్చి డబ్బా ఇచ్చాడు. "దారిలో తినమని అమ్మ పంపింది. ఈసారి ఉప్పు వేసిందట."

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ప్రమాణం చేశాను: హోటల్లో గానీ ఇంట్లో గానీ, ఈ జన్మలో ఉప్పు ఊసెత్తను. రమ ఆ ప్రమాణాన్ని బాగా వాడుకుంటోంది. నిన్నటి పప్పులో ఉప్పే లేదు. బాగుందని చెప్పి మారు వడ్డించుకున్నాను.