రెండు వేళ్ల బట్ట

టేపు మాస్టారు ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. ఆయన కంటి కొలత సంగతి చెబితే నమ్మరు గానీ, కదిలే బస్సు కిటికీలో కనిపించిన మనిషికి చొక్కా కుట్టి ఉంచితే, ఏడాది తర్వాత ఆ మనిషే వచ్చి, తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, నోరెత్తకుండా వెళ్లిపోయాడు. "నా చేతిలో తప్పనేదే లేదు" అన్నది మాస్టారి రోజువారీ జపం.

అలాంటివాడి కూతురు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే పంతులమ్మ అయింది.

"ఏం చెబుతావే తల్లీ?" అని ఫోనులో అడిగాడు.

"మనకు తెలుసనుకున్నది ఏదైనా తప్పు కావచ్చు, అయినా పని ఆపక్కర్లేదు అని చెబుతా నాన్నా."

మాస్టారికి ముక్క అర్థం కాలేదు. ఆదివారం ఆమె ఇంటికొస్తోంది. ఈసారైనా "తిన్నావా, ఒంట్లో బాగుందా" దాటి, ఆమె చదువు గురించి ఒక్క మాటైనా మాట్లాడాలని పంతం పట్టాడు.

లైబ్రరీకి వెళ్లాడు. అక్కడి మేడమ్ ఆయన దగ్గరే కోటు కుట్టించుకుంటోంది. ఇటుకంత పుస్తకం ఇచ్చింది. రెండు పేజీలు చదివాక మాస్టారు దాన్ని బట్ట జారకుండా బరువుగా వాడుకున్నాడు. మర్నాడు తిరిగిచ్చేశాడు.

"మేడమ్, నేను చచ్చేలోపు అర్థమయ్యేది లేదా?"

"ముందే చెప్పొచ్చుగా మాస్టారూ! మీ గొప్పలు విని పెద్దదే ఇచ్చా" అంటూ, కొత్త విద్యార్థుల కోసం వేసిన నలభై పేజీల పుస్తకం తీసిచ్చింది. తొమ్మిదో పేజీలో ఒక మాట ఉంది: పనికొస్తున్నంతకాలం నమ్మకాన్ని వాడుకో, మార్చుకోవడానికి మాత్రం చోటుంచుకో. మాస్టారు దాన్ని నాలుగుసార్లు చదివి, బుర్ర గోక్కుని వదిలేశాడు.

శనివారం మేడమ్ కోటు తొడిగి చూసుకుంది. చేతులెత్తగానే వీపు దగ్గర బిగుసుకుంది.

"పై అరలో పుస్తకాలెలా పెట్టను మాస్టారూ?"

"కోటు సరిగ్గానే ఉంది, మీరే కాస్త..." అనబోయి ఆగాడు. కోటు తిరగేశాడు. ఎప్పటిలాగే కుట్టు లోపల రెండు వేళ్ల బట్ట వదిలి ఉంది. ముప్పై ఏళ్లుగా ప్రతి బట్టలోనూ వదులుతున్నాడు. తప్పే చేయనివాడికి అదెందుకు? తొమ్మిదో పేజీ అప్పుడు తలకెక్కింది. కుట్టు విప్పి, వీపు వదులు చేశాడు.

"ఇప్పుడు హాయిగా ఉంది" అంది మేడమ్.

"మళ్లీ బిగుసుకుంటే తీసుకురండి, ఇంకో వేలు మిగిలింది."

ఆదివారం భోజనాల దగ్గర కూతురికి తన చొక్కా కుట్టు తిరగేసి, లోపల వదిలిన బట్ట చూపించాడు. "నువ్వు చెప్పేది ఇదేనా?"

ఆమె తినడం మరిచి ఆ బట్టను వేళ్లతో తడిమింది. "ఇదే నాన్నా! నాకు రెండేళ్లు పట్టింది అర్థం కావడానికి."

"నాకు నాలుగు రోజులు" అన్నాడు మాస్టారు ఛాతీ విరుచుకుని. వేళ్లు మడిచి లెక్కపెట్టి, "ఐదేమోలే" అన్నాడు.