తంబాకు మీదికి నెట్టిన దగ్గు

ఇన్నేళ్లుగా గోడ అవతల దగ్గు వినబడితే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. ఎందుకో మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మాది చిన్న మరమగ్గాల షెడ్డు. తువ్వాళ్లు నేసేవాళ్లం. ఎనభైల చివర్లో కరెంటు మాటిమాటికీ పోతుంటే, బొంబాయిలో విడగొట్టిన ఓడలోంచి వచ్చిన పాత డీజిల్ ఇంజను కొన్నాను. బిగించిన మేస్త్రీ పొగగొట్టాన్ని నీళ్ల పీపాలోంచి పోనిచ్చాడు. మసి నీళ్లలోనే దిగిపోతుందన్నాడు. దిగింది కూడా. కానీ ఇంజను బరువుగా లాగేది, మగ్గాలు మందగించేవి, పైగా రోజూ ఆ నల్లనీళ్లు పారబోయాలి. విసుగొచ్చి పీపా పీకేశాను. మసి నా తెల్ల నూలు మీద పడుతుందని గొట్టాన్ని గోడ అవతలికి తిప్పాను. అవతల సత్తెమ్మక్క వాకిలి ఉందని తెలియదా? తెలుసు. బాగా తెలుసు.

ఆమె ఆ వాకిట్లోనే కూర్చుని, ఒళ్లో తంబాకు పొడి పెట్టుకుని బీడీలు చుట్టేది. భర్త లేడు, బీడీలే ఆధారం. కొన్నాళ్లకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తమ్మీ, నీ ఇంజను పొగతోనే వస్తున్నదా ఏంది నాకీ దగ్గు? నిజం చెప్పు."

"ఛ, ఏం మాట్లాడుతున్నవ్ అక్కా! పొద్దంత తంబాకుల ముక్కు పెట్టి కూసుంటవ్. గా బీడీలు బంద్ చెయ్, దగ్గు ఆపోఆప్, దానంతటదే పోతది."

నమ్మింది. బీడీలు మానేసి నాలుగిళ్లలో అంట్లు తోమింది. తర్వాత బీడీ కార్మికులకు ఇళ్లొచ్చి, తోటి ఆడవాళ్లు విడీ ఘర్కుల్ అనే ఆ కొత్త కాలనీకి వెళ్లిపోయారు. బీడీలు మానేసిన సత్తెమ్మక్కకు ఇల్లు రాలేదు. అదే అద్దె గదిలో, నా గొట్టం ఎదుటే, దగ్గుతూ ఉండిపోయింది.

అప్పుడైనా పీపా మళ్లీ బిగించొచ్చు కదా? బిగిస్తే పొగదే తప్పని నేనే చాటుకున్నట్టవుతుందని, ఆ ఒక్క మాట బయటపడకుండా ఉండటానికి ఆమె ఊపిరినే పణంగా పెట్టానని, ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది. లేక అప్పుడే తెలుసా? థూ, ఏం మనిషిని!

ఇంజను ఎప్పుడో పాత ఇనుముకు వేసేశాను. దగ్గు మాత్రం పోలేదు.

నిన్న గోడ అవతల ఎవరితోనో అంటోంది: "మా తమ్మి చెప్పబట్టి బతికిన. లేకుంటే గా తంబాకు నన్ను ఎప్పుడో మింగుతుండె."

లేచి వెళ్లలేకపోయాను. ఆ దగ్గు తంబాకుది కాదు, నా పొగది. ఇంతకాలం ఆ మాట నాలో నేను కూడా అనుకోలేదు. ఇవాళ మీతో అన్నాను.