నలభై ఒకటో అణువు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా నర్మెట్టలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం చూడండి అనే రకం నేను. చదివింది కెమిస్ట్రీ. అందుకే ఇది రాయడానికి మూడేళ్లు వెనకాడాను.

అప్పట్లో జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. కవిత నాకు జూనియర్. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చింది. ఇద్దరికీ గైడ్ ఒకరే, పనీ ఒకటే. కరెంటు పెడితే వెలుగునిచ్చే పాలిమర్ పొరలుంటాయి. వాటికి గాలి, తేమ పడవు. పైన పూతగా ఏ రసాయనం అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అరవై అణువులను కదిలించి చూడాలి. పూతను ముందు నిలిపినవాళ్ల పేరే పేపర్‌లో మొదట వేస్తానని గైడ్ చెప్పారు.

ఆ మొదటి పేరు నాకు కావాలి. నాలుగేళ్ల నుంచి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన కవితను ఆయన మెచ్చుకుంటే ఒళ్లు మండేది. మధ్యాహ్నం ఆమె వాళ్లమ్మతో ఫోన్‌లో లంబాడీలో మాట్లాడేది. అందులో నాకు అర్థమయ్యే మాట "అక్క" ఒక్కటే. నన్నే ఆడిపోసుకుంటోందని అనుకునేదాన్ని.

ఒకరోజు ఆమె ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లగానే ఆమె ఫైల్ తెరిచాను. పూత అణువులో ఆక్సిజన్ మీదున్న విద్యుదావేశం విలువను పక్క కార్బన్‌కు, కార్బన్‌ది ఆక్సిజన్‌కు మార్చేశాను. రెండూ కలిపితే మొత్తం మారదు కాబట్టి ప్రోగ్రామ్ తప్పు పట్టదు. పూత మాత్రం నిలవకూడదు.

కవిత వచ్చి రన్ మొదలుపెట్టి, టిఫిన్ డబ్బా తెరిచింది.

"మా యాడి నీకని రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది అక్కా. అక్క తిన్నదా అని రోజూ ఫోన్ల అడుగుతది."

తండాలో అమ్మను యాడి అంటారు. జొన్నరొట్టెలు రెండూ తిన్నాను. ఫైల్ మాత్రం సరిచేయలేదు.

మూడో రోజు కవిత నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"అక్కా, అతుక్కున్నయి. అరవైకి అరవై. నీది ఎట్లున్నది?"

ఆమె లేని సమయం చూసి మళ్లీ ఫైల్ తెరిచాను. నేను తారుమారు చేసిన అంకెలు అలాగే ఉన్నాయి. రన్ మొదలైంది నేను మార్చిన తర్వాతే. లెక్క ఏ అంకెలతో నడిచిందో ప్రోగ్రామ్ రాసుకునే లాగ్‌లో కూడా ఆ తప్పుడు అంకెలే ఉన్నాయి. గైడ్ ఆ ఫైల్‌నే వేరే కంప్యూటర్‌లో వేయించారు. అరవై అణువులూ నిలిచాయి.

నా ఫైల్లో ఏ తప్పూ లేదు. నాకు యాభై తొమ్మిదే అతుక్కున్నాయి. నలభై ఒకటో అణువు ఒక్కటే పొర మీంచి లేచి, మిగతావాటికి దూరంగా పోయి ఆగింది.

ఇలాంటి లెక్క ఏదో ఒక అంకెతో మొదలవుతుంది. దాన్ని సీడ్ అంటారు. మాది పత్తి పండించే ఇల్లు. గింజ మొలవకపోతే ముందు విత్తనం నకిలీదేమోనని చూస్తాం. ఆ అలవాటు కొద్దీ తొమ్మిదిసార్లు సీడ్ మార్చాను. సీడ్ మారితే లేచే అణువు కూడా మారాలి. ప్రతిసారీ నలభై ఒకటోదే లేచింది. ఫైల్ అంతా కొత్తగా టైప్ చేశాను. అయినా అదే.

పేపర్ వచ్చింది. కవిత పేరు, దాని వెనకే నా పేరు. అక్క లేకుంటే నాకు ఈ పని రాకపోతుండె అని ఆమే గైడ్‌తో చెప్పి వేయించిందట. ఆ మాట విని సంతోషించలేకపోయాను.

ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. కంప్యూటర్ కొత్తది, ప్రోగ్రామ్ కొత్తది. సెలవు రోజుల్లో ఆ లెక్క మళ్లీ వేస్తుంటాను. నలభై ఒకటో అణువు ఇప్పటికీ లేచిపోతూనే ఉంది. ఎందుకో నాకు తెలియదు. తెలిసినవాళ్లను అడుగుదామంటే మొదటి నుంచీ చెప్పాలి.

పోయిన వారం కవిత ఫోన్ చేసినప్పుడు, నా అణువు ఒకటి నిలవడం లేదని మాత్రం చెప్పాను.

"విత్తనం మార్చి చూసినవా అక్కా?" అంది నవ్వుతూ.

మార్చానన్నాను. ఆమె ఫైల్లో మార్చిన సంగతి ఈసారీ చెప్పలేదు.