ఉత్తరం అద్దంలో నెమలి

డ్రాయింగ్ టీచరుగా రిటైరైనప్పటి నుంచీ నాకొకటే కోరిక, బొమ్మలు వేసుకోవడానికి నాకంటూ ఒక గది. అప్పటిదాకా నా బొమ్మల స్టాండు వంటింట్లో, ఫ్రిజ్ పక్కన ఉండేది. నేను వేసిన కొండల్లోనూ కోనల్లోనూ ఎక్కడో ఒకచోట పోపు చింది ఉండేది.

తార్నాకలో మా ఇల్లు యూనివర్సిటీ ప్రహరీని ఆనుకుని ఉంటుంది. పెరట్లో ఒక పెద్ద బండరాయి, దాని పక్కన నేరేడు చెట్టు. మావారు ఆ యూనివర్సిటీలోనే వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. స్టూడియో మాట ఎత్తగానే షరతులు పెట్టారు.

"కట్టుకో. కానీ ఒక్క కొమ్మ నరకడానికి వీల్లేదు, రాయి కదపడానికి వీల్లేదు. గది ప్రకృతిలో కలిసిపోవాలి. అక్కడ గది ఉందని చూసినవాళ్ళకి తెలియకూడదు."

"మరి నాకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

మాణికేశ్వర్ నగర్ నుంచి మేస్త్రీ వచ్చాడు. పెరడంతా కలియజూసి, "ఏం ఫికర్ లేదు సార్. గీ రాయి పగలగొడితే పునాదికి వస్తది, గా చెట్టు కొట్టేస్తే దర్వాజలకు..." అంటూ మావారి మొహం చూసి మిగతాది మింగేశాడు.

చివరికి బండరాయినే వెనక గోడగా చేసుకుని, కొమ్మలకి తగలకుండా పైకప్పుని ఒక పక్కకి వంచి, గది కట్టించాం. నేను పట్టుబట్టింది ఒక్కదానికే. ఉత్తరం వైపు గోడంతా అద్దం ఉండాలని. ఉత్తరం వెలుతురు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలకడగా ఉంటుంది. బొమ్మలు వేసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? అద్దం బిగించాక చెట్టూ, ఆకాశమూ అందులోనే కనిపించాయి. గది నిజంగానే మాయమైంది. మావారు మురిసిపోయి, ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ కంటే ముందు దాన్నే చూపించేవారు.

రంగులు సర్దుకుని కూర్చున్న మొదటిరోజే అద్దం మీద ఠక్కుమని చప్పుడైంది. క్యాంపస్ గోడ దూకి వచ్చిన మగ నెమలి. అద్దంలో దానికి ఇంకో మగ నెమలి కనబడింది. మెడ నిక్కించి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఎగిరి తన్నింది. అవతలివాడూ అంతే పౌరుషంగా తన్నాడు. ఇక అది రోజూ వచ్చేది.

"ఏవండీ, కాస్త తోలండి!"

"తోలకూడదు. ఇది దాని చోటు. మనమే వచ్చి అడ్డంగా కట్టాం."

"ఇంటి పన్ను కట్టేది అది కాదుగా!"

పక్కింటావిడ కూడా మాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారు. ఆదివారం సాయంత్రాలు వాళ్ళింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. ఒకరోజు గోడ మీంచి పిలిచారు.

"వదినగారూ, నేను ప్రార్థన ముగించకముందే మీ నెమలి గట్టిగా అరిచి ఆమెన్ అంటోందండీ. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు."

"అది మా నెమలి కాదండీ."

"రోజూ వచ్చేది మీ ఇంటికేగా!"

మళ్ళీ మేస్త్రీకి కబురు పెట్టాను. "గింత దానికి పరేషాన్ ఎందుకు మేడం? కార్లకు నల్ల ఫిల్మ్ ఏస్తరు చూడు, గా ఫిల్మే లోపల అంటిద్దాం. లోపలిది ఏం కనవడది" అన్నాడు. గొడవ లోపలిదానితో కాదని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. ఫిల్మ్ అంటించాక అద్దం నిలువుటద్దంలా తయారైంది. మర్నాడు నెమలికి శత్రువు ఈక ఈకా కనబడ్డాడు. ఈసారి పోరు చూడటానికి ఆడ నెమళ్ళు కూడా గోడెక్కాయి. మేస్త్రీ వచ్చి, "అరే, మస్తుగ కొట్లాడుతున్నది మేడం!" అని ఫోన్లో వీడియో తీసుకున్నాడు.

అంతవరకూ నవ్వుకున్నాం. ఆ సాయంత్రం దాని ముక్కు దగ్గర నెత్తురు కనబడింది. మావారి మొహం మారిపోయింది.

"ఆ అద్దం దానికి కనబడకుండా ఏదో ఒకటి చెయ్యి. బొమ్మలు వేసేదానివే కదా!" అన్నారు.

పోస్టరు రంగుల్లో జిగురు కలిపి, అద్దానికి బయటివైపు చెట్టునీ పొదలనీ వేయడం మొదలుపెట్టాను. నీడపట్టున కూర్చుని బొమ్మలు వేయడానికి గది కట్టించుకున్నదాన్ని, ఎండలో నిలబడి ఆ గదికే రంగులు వేస్తున్నాను. మావారు వెనకాల కుర్చీ వేసుకుని పరీక్షలో ఇన్విజిలేటర్‌లా కూర్చున్నారు.

"నేరేడు ఆకులు ఎదురెదురుగా వస్తాయి. నువ్వు ఒకదాని తర్వాత ఒకటి వేశావు."

"నెమలికి బోటనీ రాదండీ."

చివర్లో ఒక మూల ఖాళీ మిగిలితే, అందం కోసం ఒక ఆడ నెమలిని వేశాను. అక్కడ దెబ్బతిన్నాను.

నెమలి వచ్చింది. శత్రువు కోసం ఆ మూలా ఈ మూలా వెతికింది. గది వెనక్కి కూడా వెళ్ళి చూసొచ్చింది. అప్పుడు ఆడ నెమలి కంటపడింది. కాసేపు అలాగే నిలబడి, పింఛం విప్పి ఆట మొదలుపెట్టింది. తన్నులైతే ఆగాయి గానీ, రోజూ ఇదే తంతు. నా బొమ్మ ఉలకదు, పలకదు.

"పాపం, వాడికి ఆశ పెట్టావు" అన్నారు మావారు, తప్పంతా నాదే అన్నట్టు. నేను మాత్రం లోపల ట్యూబులైటు వేసుకుని బొమ్మలు వేసుకున్నాను.

వానలు తగ్గేసరికి జతకట్టే కాలం ముగిసి దాని పింఛం ఈకలు రాలిపోయాయి, రావడం మానేసింది. లోపలివైపు నల్ల ఫిల్మ్ పీకేసి, బయట వేడినీళ్ళతో రంగులు కడిగేశాను. ఉత్తరం వెలుతురు గదిలోకి వచ్చింది. ఆడ నెమలి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

"అదీ తుడిచెయ్యి, ఇంకాస్త వెలుగు వస్తుంది" అన్నారు మావారు.

"ఉండనివ్వండి. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాడు కదా" అన్నాను.

ఆయన నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, దాని చుట్టూ మిగిలిన మరకలు జాగ్రత్తగా తుడిచారు.