శనివారం వరలక్ష్మి

శుక్రవారం ఆఫీసులుంటాయి కనుక టెక్సాస్‌లోని మా కాపెల్‌లో వరలక్ష్మీదేవి శనివారం వస్తుంది. దేవత అంతగా సర్దుకుపోతుంది. సర్దుకుపోలేనిది భక్తురాళ్లే.

మా ఆడవాళ్ల పుస్తకాల గుంపులో ఒకామెకు ఆ ఏడాదే విడాకులయ్యాయి. అంతకుముందు వరకూ అందరి ఇళ్లలోనూ కలశానికి చీర కట్టిపెట్టింది ఆమే. అంత పొందికగా కుచ్చిళ్లు పెట్టడం మాలో ఇంకెవరికీ చేతకాదు. ఈసారి తనని పేరంటానికి పిలవకపోతే ఇక గుంపులోకే రానని నాతో ముందే అంది. పిలుస్తారులే, అందరూ చదువుకున్నవాళ్లేగా అన్నాను. చదువు విషయంలో నాకింకా కొన్ని మూఢనమ్మకాలున్నాయి.

వ్రతం జరిగే ఇంట్లోనే మధ్యాహ్నం పుస్తకం మీద చర్చ కూడా పెట్టుకున్నాం. ఆ ఇంటావిడ చాలా సున్నితంగా, పొద్దున పూజ నీకు బోర్ కొడుతుంది, మూడింటికి డిస్కషన్‌కి వచ్చెయ్యమని ఆమెకు మెసేజ్ పెట్టింది. పూజలో అమ్మవారి చీర జారిపోతూనే ఉంది. వెనకనుంచి పిన్నీసులు గుచ్చి నిలబెట్టాం.

మూడింటికి ఆమె వచ్చింది. నవలను ఎంచింది కూడా ఆమే. కొత్త అరబ్బు నవల, ఇంగ్లీషు అనువాదం. చనిపోయినవాళ్ల బట్టలు అమ్ముకునే ఒక స్త్రీని ఊరు దూరం పెడుతుంది. ఎవరూ ఆమె వంక చూడరు. చివరికి ఆమె నిజంగానే కంటికి కనిపించడం మానేస్తుంది. పసుపు రాసుకున్న పాదాలతో సోఫాల్లో కూర్చుని మేమంతా ఆ స్త్రీ కోసం తెగ బాధపడ్డాం. ఇంటావిడ కళ్లు కూడా తుడుచుకుంది. ఆ సమాజాలంతే అని ఒకరన్నారు. ఏ సమాజాలని అడిగాను. నాకు తగాదా లేకపోతే కాఫీ దిగదని ఇంకొకరు నవ్వారు.

"అంతా బానే ఉంది కానీ, మనిషి మాయమైపోవడమేంటి? లాజిక్ లేదు," అంది ఇంటావిడ.

"మ్యాజిక్ కూడా ఏం లేదు," అంది ఆమె. "పొద్దున ఈ ఇంట్లో నేను లేను. ఇప్పుడున్నాను."

ఇంటావిడ గబగబా వంటింట్లోకి వెళ్లి నానబెట్టిన శనగల ప్యాకెట్ తెచ్చింది.

"నీకోసం తీసిపెట్టానే. ప్రసాదం."

"బొట్టు పెట్టి ఇవ్వు."

కుంకుమ భరిణె టీపాయ్ మీదే ఉంది. ఇంటావిడ చేయి అటు వెళ్లి ఆగింది.

"పెట్టవే, నీ వేలేం అరిగిపోదు," అన్నాను.

"అత్తయ్యగారు ఊరుకోరక్కా."

అత్తగారు మేడమీద గుర్రుపెట్టి నిద్రపోతోంది.

ఆమె ఇంటావిడ చేతిలోని ప్యాకెట్ తీసుకుని టీపాయ్ మీద పెట్టింది. తన పుస్తకం తీసుకుని, వెళ్తానని కూడా అనకుండా బయటికి నడిచింది. మళ్లీ ఎప్పుడూ మా గుంపులోకి రాలేదు. ఆమె వెనకే నేనూ లేచి గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుంటే, లోపల వచ్చే నెల పుస్తకం గురించి మాటలు మొదలయ్యాయి. ఈసారి కాస్త నమ్మేలా ఉండేది చూద్దామనుకున్నారు.